అద్దె కారులో నాయన

చిత్తూరులో మా చెల్లెలి పెళ్లికని తిరుపతిలో కారు అద్దెకు తీసుకున్నాను. తిరిగి అప్పగిస్తే, పెళ్లినాడు నేను తిప్పని దూరానికి కూడా డబ్బు కట్టమన్నారు.

"పెళ్లినాటి మధ్యాహ్నం బండి మండపం ముందర్నే ఉండిందప్పా!" అని గొడవపడ్డాను.

యజమాని కారులోని కెమెరా వీడియో చూపించాడు. స్టీరింగు ముందు మా నాయన! ఒకప్పుడు బస్సు డ్రైవరు. మతిమరుపు జబ్బుతో మా పేర్లు కూడా మరిచిపోయాడు. మేము భోజనాల హడావుడిలో ఉండగా, బండికే వదిలేసిన తాళంతో ఒక్కడే పూతలపట్టు దాకా వెళ్లొచ్చాడు. దారిలో ప్రతి బస్‌స్టాపు దగ్గరా ఆపి, ఖాళీ సీట్ల వైపు తిరిగి, "రోంత జరగండప్పా, ఇంకా జనం ఎక్కాల" అంటున్నాడు.

"ఎవురితో మాట్లాడతా ఉండారన్నా మీ నాయన?" అని యజమాని గొంతు తగ్గించి అడిగాడు.

 అడిగినంత డబ్బు కట్టేశాను.

ఏ ప్రమాదమూ జరగనందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను. కన్నబిడ్డలనే గుర్తుపట్టని మనిషికి ఆ సీట్లలో ఎవరు కనిపించారో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ భయమేస్తుంది.