కాటా గోడ పక్కనే ఎందుకుంది

పని పద్ధతుల్ని బాగుచేయడం నా ఉద్యోగం. చదివింది మెకానికల్. మా పాఠాల్లో ఏ పనినైనా మూడు ముక్కలు చేస్తారు: సరుకు విలువ పెంచేది, పెంచకపోయినా తప్పనిది, ఉత్త వృథా. మూడోదాన్ని వెతికి తీసేయాలి. ప్రొద్దుటూరులో బస్సెక్కి పులివెందుల దిగి, లింగాల దారిలో ఉన్న అరటికాయల ప్యాకింగ్ షెడ్డుకు మొదటిసారి వెళ్లినప్పుడు నాకు తెలిసిన తత్వమంతా ఇదే.

షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు. గెల నుంచి హస్తాలు, అంటే కాయల గుత్తులు, కోసి, కోసిన చోట కారే సొన పోయేలా తొట్టిలో కడిగి, తూకం వేసి, అట్టపెట్టెల్లో సర్దుతారు. తొట్టి దగ్గర్నుంచి కాటాకు ఇరవై రెండు అడుగులు. మోసుకెళ్లే ప్రతి కాయల బేసినుకూ పోను రాను నలభై నాలుగు. కాటా అంత దూరంలో ఎందుకుందని అడిగాను. ప్లగ్గు ఆ గోడకే ఉందన్నారు. ప్లగ్గు ఆ గోడకే ఎందుకుంది? షెడ్డు కట్టినప్పుడు అక్కడ ఫ్యాను పెడదామనుకున్నారట. పెట్టలేదు.

వైరు లాగి కాటాను తొట్టి పక్కకు తెస్తే లారీ గంటన్నర ముందే నిండుతుందని తేలింది. ఆ లెక్క రాసిన కాగితం పట్టుకుని యజమాని దగ్గరికి పోబోతుంటే, కాయలు కడిగే పెద్దామె పిలిచింది. మూడు రోజులుగా నాతో ఒక్క మాటా మాట్లాడని మనిషి.

"ఏందప్పా, అంతగా రాస్తాండావు?"

"మీకు నడక తగ్గిస్తానమ్మా."

"నడక తగ్గితే ఆరుమంది ఎందుకంటాడు. నలుగురు సాలంటాడు. తీసే ఇద్దర్లో ముందు నేనే. వయసైపాయ కదా."

పక్కన పెట్టెలు సర్దే ఆమె నవ్వింది. "నీ నోటికి భయపడి నిన్ను తియ్యడులే అత్తా."

మిగిలిన గంటన్నర ఎవరిదన్న ప్రశ్న మా పాఠాల్లో ఉందేమో, పరీక్షకు రాదని నేనే వదిలేసి ఉంటాను.

యజమాని కాగితం చూసి ఆమె చెప్పిన మాటే అన్నాడు: నలుగురు చాలు. మచ్చలున్నాయని కొన్నవాళ్లు వెనక్కి పంపే పెట్టెల సంగతి గుర్తుచేశాను. మిగిలే ఇద్దరినీ పెట్టె మూసే ముందు కాయ చూడటానికి పెట్టమన్నాను. ఆయన వెనక్కొచ్చిన పెట్టెల లెక్క తీసి చూసుకున్నాడు.

"సరే, ఈ సీజన్‌కి ఎవర్నీ తియ్యను. మళ్లీది మళ్లా చూద్దాం."

ఆ మాట మీరే వాళ్లకు చెప్పండన్నాను. లేచొచ్చి చెప్పాడు.

ఆయన లోపలికి పోయాక పెద్దామె చేతులు తుడుచుకుని తొట్టి వైపు చూపించింది.

"మచ్చలు యాడ పడతాండాయో రాసుకో. ఈ నీళ్లు పొద్దున ఒకసారి మారుస్తారు. మద్యాన్నానికి అంతా సొనే. ఆ నీళ్లలో కడిగితే మచ్చ రాక ఏమొస్తాది?"

రాసుకున్నాను. మూడు రోజులూ నేను గడియారం పట్టుకుని నిలబడింది ఆ తొట్టి పక్కనే. అడుగులు లెక్కపెట్టాను గాని నీళ్ల రంగు చూడలేదు.

"ఇంకేమన్నా ఉందా అమ్మా?"

"ఇంగో రెండుండాయి. ఆయప్ప మాటిచ్చింది ఈ సీజన్‌కే గదా. ఈ సీజన్‌కి ఒకటి సాలు."