జంబో తలుపు పక్కన సీటు

2024లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. ఆదిత్యపూర్‌లో మా షెడ్డు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. బస్సులకీ లారీలకీ సీట్లు కట్టడం నా పని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ప్రాంతానికి, ఉక్కు కార్ఖానాలో పనికొచ్చి బారిడీహ్‌లో స్థిరపడ్డాడు. నేను ఇనుము జోలికి పోకుండా ఫోమూ రెక్సినూ పట్టుకున్నాను. ఇన్నేళ్లలో అంబులెన్సు సీటు నుంచి పెళ్లి గుర్రబ్బండి సీటు దాకా అన్నీ చేశాను గానీ, ఆ రోజు దిగినదానిలాంటిది మాత్రం చూడలేదు.

ఆటోలోంచి ముందు దిగింది సుబీర్ దా. మా ఊళ్లో విమానాల పిచ్చి ఉన్నవాళ్ల గుంపు ఒకటుంది, ఈయన దానికి పెద్ద. యంత్రాల నక్షాలు గీసే ఉద్యోగం చేసి రిటైరైన బెంగాలీ ఆయన, దా అంటే వాళ్లలో అన్న. ఆదివారం వస్తే అందరూ సోనారి విమానాశ్రయం గోడ పక్కన నిలబడి, వచ్చే ఒకటీ అరా చిన్న విమానాలని చూస్తారు. ప్రాణం మాత్రం జంబో జెట్ మీద. అదేమో మన దేశంలో ప్రయాణికుల్ని ఎక్కించుకోవడం మానేసింది, తుక్కుకి పోయింది. ఉన్న రోజుల్లో మాత్రం సోనారిలో దిగిందా? ఆ రన్‌వే దానికి ఏ మూలకి సరిపోతుంది! అయినా ఏ జంబోకి ఏ పేరు పెట్టారో, ఏది ఎక్కడ ముక్కలైందో వీళ్లకి కంఠతా వచ్చు. చెబుతున్నప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు గొంతు తగ్గించుకుంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

గోనెపట్టా విప్పితే లోపల జంప్ సీట్. విమానం తలుపు పక్కన గోడకి బిగించి ఉంటుంది, ఎయిర్ హోస్టెస్‌లు ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ అందులో కూర్చుంటారు. లేవగానే దారికి అడ్డం రాకుండా రిటర్న్ స్ప్రింగ్ దాన్ని పైకి లాగేస్తుంది. ముంబైలో తుక్కు వ్యాపారి దగ్గర గుంపంతా కలిసి కొన్నారట.

"ఛూనా మత్, అప్పారావ్. సిర్ఫ్ సాఫ్ కర్‌నా," అన్నాడు సుబీర్ దా. తుడవడమే గానీ దేన్నీ మార్చకూడదని. వచ్చే ఆదివారం వాళ్ల సభ. జంబోలో ఎయిర్ హోస్టెస్‌గా పనిచేసిన భానుమతిగారు ఆ సీట్లో కూర్చుంటారు, అందరూ ఫొటో దిగుతారు.

మార్చొద్దంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫోము ముందు అంచున రెండు పక్కలా సొట్టలు పడి ఉంది. సీటు అరుగుదలని బట్టి మనిషిని చెప్పొచ్చు. లారీ డ్రైవరు సీటు కుడి అంచు ముందు పోతుంది, ఎక్కి దిగేది అటే కాబట్టి. ఇక్కడ మనిషి కూర్చునే నడిమి భాగం బాగానే ఉంది, అంచులు దిగిపోయాయి. ఫోము నాసిరకం అనుకున్నాను. కవరు వెనక కుట్టు విప్పి, సొట్టలకి సరిపడా రెండు ముక్కలు కోసి సొల్యూషన్ రాశాను. సొల్యూషన్ అంటే మేం వాడే జిగురు. అది కాస్త ఆరాక అతికించాలి.

ఆ ఆరే సమయంలోనే భానుమతిగారు వచ్చారు, ముందుగా ఒకసారి కూర్చుని చూసుకుందామని. చేతిలో కర్ర, పక్కన సుబీర్ దా. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి, గార్డుగారి అమ్మాయి. తుంటి ఎముక మార్పించుకున్నాక చెల్లెలి దగ్గర ఉంటున్నారట. నేను తెలుగువాణ్ణని తెలియగానే ముఖం విప్పారింది.

"ఏటి బాబూ, మా సీటుకి ఆపరేషన్ చేత్తన్నావా?"

"సొట్టలు పూడుత్తన్నానమ్మా. ఫోము బాగోనేదు."

"ఒగ్గీ బాబూ, ఒగ్గీ! అవి సొట్టలు కావు, మా చేతులు." అరచేతులు పైకి తిప్పి చూపించారు. "దిగినప్పుడు చేతులు ఇలాగ తొడల కింద ఎట్టుకుని కూకోవాలి. కుదుపు వత్తే చేతులు ఎగిరిపోకుండా. ఎంతమంది ఆడపిల్లలం అక్కడ చేతులెట్టామో!"

నేను జిగురు ముక్కల్ని చెత్తబుట్టలో పడేశాను. కుట్టు మళ్లీ వేసి, సీటుని మా షెడ్డు గోడకి నేను కొట్టిన ఇనప ఫ్రేముకి బిగించాను. ఆవిడ కర్ర పక్కనబెట్టి, సీటు కిందికి నొక్కి కూర్చోబోయారు. చాలా కిందికి ఉంది. తుంటి వంగలేదు, కాస్త లేచారు, అంతే, సీటు ఠప్పున పైకి లేచిపోయింది. నేను ఆవిడ రెక్క పట్టుకోకపోతే నేలమీద పడేవారు.

"అదే! అదే ఆ చప్పుడు!" అన్నాడు సుబీర్ దా మైమరచిపోయి. అని నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ మూడోసారి కూడా ప్రయత్నించి ఆగిపోయారు. "ఒద్దులే. పక్కన నిలబడి దిగుతాను ఫొటో," అన్నారు. మంచినీళ్లు ఇస్తే తాగి, నెమ్మదిగా చెప్పారు. "ఆఖరిసారి దిగినప్పుడు అదే ఆఖరని నాకు తెల్దు బాబూ. ఎవరో పాసింజరుకి వాంతులైతే, ఆ కవరు పట్టుకుని లేచిపోయాను. తరవాత నడుంనొప్పని డాక్టర్లు ఎగరొద్దనేశారు. ఆఫీసులో కూకోబెట్టారు. ఇంతలో విమానాలే పోయాయి. ఒక్కసారి, తెలిసి కూకుని, తెలిసి దిగాలనుండేది."

సీటు ఎత్తు పెంచుతానన్నాను, స్ప్రింగ్ తీసి మెత్తనిది వేస్తానన్నాను. సుబీర్ దా ఒప్పుకోలేదు. స్ప్రింగ్ మారిస్తే అది జంబో సీటు కాదట, మామూలు కుర్చీ అట. "మీకు బొమ్మ కావాలా, మనిషి కూర్చోవాలా?" అని నేనూ గొంతు పెంచాను. నా నోటి దురుసు గురించి ఆదిత్యపూర్‌లో ఎవరినడిగినా చెబుతారు.

ఆవిడే మధ్యలో వచ్చారు. "సుబీర్ దా, ఆ ఠప్పుమనే చప్పుడంటే మీకు అంత ఇష్టమా? మాకు ఒళ్లు మంట. హడావిడిగా లేస్తే మోకాళ్ల వెనక కొట్టేది. మేమంతా తిట్టుకునేవాళ్లం," అని హిందీలో నవ్వుతూ చెప్పారు.

సుబీర్ దా బిత్తరపోయాడు. తర్వాత ఆయనా నవ్వేశాడు. "మార్చు," అన్నాడు నాతో. అసలు స్ప్రింగ్‌ని మాత్రం గుడ్డసంచిలో కట్టి తనకివ్వమన్నాడు.

కుషన్ ముట్టుకోలేదు. ఇనప చానల్ ముక్కలు వెల్డింగ్ చేయించి ఫ్రేము ఎత్తు పెంచాను. ఆటో సీటుకి వాడే మెత్తటి స్ప్రింగ్ వేసి, సీటు కిందికి దిగాక తనంతట తాను లేవకుండా ఒక గొళ్లెం పెట్టాను. ఆవిడ చెయ్యి ఆనించుకోవడానికి పక్కన బస్సు కమ్మీ ఒకటి బిగించాను. ఫ్రేముని గోడనుంచి తీయడం ఎందుకని సభ మా షెడ్డులోనే పెట్టుకున్నారు.

ఆదివారం గుంపంతా వచ్చింది. భానుమతిగారు జరీ అంచు చీర కట్టుకుని వచ్చారు. కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా కూర్చున్నారు. తుంటి ఈసారి మొరాయించలేదు. భుజాల మీంచి బెల్టులు బిగించుకున్నారు. చేతులు వాటంతట అవే తొడల కిందికి వెళ్లిపోయాయి. కెమెరాలు పైకి లేచాయి.

ఆవిడ కెమెరాల వైపు చూడలేదు. ఎదుటి గోడనే చూస్తున్నారు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. నాకు భయమేసింది. "అమ్మా, ఏటైంది? నొప్పిగా ఉందేటి?"

"ఉండు బాబూ, సైలెంట్ రివ్యూ." అంటే ఏమిటో అందరికీ హిందీలో చెప్పారు. దిగేముందు సిబ్బంది మౌనంగా మనసులో చూసుకుంటారట, తలుపు ఎటు తెరుచుకుంటుంది, పొగ వస్తే ఎటు నడపాలి, సాయానికి ఎవర్ని పిలవాలి అని. చెప్పడం ఆపి ఎదురుగా చూసి, ముఖం చిట్లించారు. "అందరూ నిలబడే ఉన్నారేటి? పాసింజరు ఏడీ? ఖాళీ విమానం నాకొద్దు."

ఆవిడ చూపు సుబీర్ దా మీద ఆగింది. "మీరు రండి. ఎన్నిసార్లు ఎక్కి ఉంటారో! మీకు నేర్పక్కర్లేదు."

సుబీర్ దా కదల్లేదు. గుడ్డసంచిని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, నేను ఎప్పుడూ ఎక్కలేదు," అన్నాడు. "కింది నుంచి చూడటమే. ఆ చప్పుడు కూడా వీడియోల్లో విన్నదే."

గుంపులో ఎవరికీ తెలియదు ఆ సంగతి. ఏ తలుపు ఎక్కడో, ఏ కిటికీ ఎక్కడో ఇన్నాళ్లూ మాకు చెప్పిన మనిషి ఆయన. ఎవరూ నవ్వలేదు. నేను ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ఆవిడ ఎదురుగా వేశాను.

"బైఠియే," అన్నారు భానుమతిగారు. ఆ గొంతు వేరు, చెల్లెలి ఇంట్లో ఉండే ముసలావిడ గొంతు కాదు. సుబీర్ దా కూర్చుని, పాదాలు దగ్గరికి చేర్చుకున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుంటే ఆవిడ ఒప్పుకోలేదు. "సామాను సీటు కింద పెట్టండి," అన్నారు. ఆయన వంగి స్టూలు కింద పెట్టాడు.

తర్వాత ఇద్దరూ ఒకరికెదురుగా ఒకరు అలా కూర్చుండిపోయారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆవిడ మూసుకోలేదు, ఆయన్నే చూస్తూ ఉన్నారు.

పాత సీటు బాగుచేయమని ఇప్పుడు ఎవరొచ్చినా, అందులో కూర్చోబోయే మనిషిని వెంటబెట్టుకు రమ్మంటాను. నాకు ఆ సీటు నేర్పింది అదే. ఎదురు సీట్లో ఎవరు కూర్చుంటారని కూడా అడగాలేమో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

కాసేపటికి భానుమతిగారు తొడల కింది నుంచి చేతులు తీసి, బెల్టు విప్పుకున్నారు. "దిగిపోయాం," అన్నారు. సుబీర్ దా కళ్లు తెరవకుండానే, "ఇంకొంచెంసేపు, మేడమ్," అన్నాడు. ఆవిడ మళ్లీ బెల్టు పెట్టుకున్నారు.