బాబాయిగారి సైలెన్సర్

పోయిన నెల పొద్దున్నే పిన్నిగారు ఢిల్లీ నుంచి ఫోన్ చేశారు. "మీ బాబాయి వెళ్ళిపోయారురా. నిద్రలోనే. నువ్వేం చెప్పినా నాకు వినపడదు, అందుకని పెట్టేస్తున్నా" అని పెట్టేశారు. నేను చెప్పాల్సిన నాలుగు మాటలూ నా దగ్గరే ఉండిపోయాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. డెబ్భైల చివర్లో ఢిల్లీలో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు, ఆర్.కె. పురంలో తమ సర్కారు క్వార్టర్లో ఒక గది అద్దెకిచ్చారు. అలా ఇవ్వకూడదని రూలు. ఇవ్వనివాళ్ళు మాత్రం ఆ కాలనీలో తక్కువ. తనిఖీవాళ్ళు వస్తే అద్దెకున్నవాడు ఇంటాయనకు చుట్టమైపోవాలి. "నువ్వు మా అన్నయ్య కొడుకువి. ఇవాళ్టి నుంచే బాబాయీ అని పిలువు. అలవాటు లేకపోతే సమయానికి నోరు తిరగదు" అన్నారు మొదటి రోజే. నోరు ఎంత బాగా తిరిగిందంటే, ఆయన పోయేదాకా మరో పిలుపు రాలేదు.

బాబాయిగారిది కాకినాడ. సెక్షన్ ఆఫీసరు. పెట్రోలు దగ్గర పరమ పిసినారి. కాలనీ గేటులోనే మోటార్ సైకిల్ ఇంజను ఆపేసి, మా మెట్ల దాకా దొర్లించుకొచ్చేవారు. "ఊరికే వచ్చే దూరాన్ని వదులుకోకూడదురా" అనేవారు. ఆయన మెట్లెక్కే చప్పుడు వినగానే పిన్నిగారు పెనం మీద అట్టు పోసేవారు. ఆయన బూట్లు విప్పేసరికి అది కంచంలో ఉండేది.

అలాంటి మనిషి ఒక చలికాలం ఉన్నట్టుండి కొత్త సైలెన్సర్ కొంటానన్నారు. అదీ మోత ఎక్కువ వచ్చేదే కావాలన్నారు.

కారణం ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు. పిన్నిగారికి వినికిడి తగ్గుతోంది. ఆ మాటెత్తితే "నాకు చెవుడేవిటి, ఈ ఊళ్ళో మనుషులే గొణుగుతున్నారు" అనేవారు. ఓ సాయంత్రం బాబాయిగారు తలుపు బాది బాది, ఎదురింటివాళ్ళందరూ బయటికొచ్చి చూశాక గానీ ఆవిడ గడియ తీయలేదు. అది ఆవిడకు తలవంపులైంది. మర్నాటి నుంచి ఆయన వచ్చే వేళకు మంచులో బాల్కనీలో నిలబడి గేటువైపు చూడటం మొదలుపెట్టారు. జ్వరం వచ్చి మంచమెక్కారు. లేచాక మళ్ళీ బాల్కనీయే.

బళ్ళ సామాన్లు దొరికే కరోల్ బాగ్‌కు బాబాయిగారు నన్నూ తీసుకెళ్ళారు. సైలెన్సర్ లోపల మోతను మింగేసే చిల్లుల గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నదే ప్రశ్న.

"నికాల్ దేంగే తో షేర్ కీ ఆవాజ్ ఆయేగీ, సాబ్. మైలేజ్ థోడా గిరేగా" అన్నాడు బళ్ళు బాగుచేసే మిస్త్రీ. తీసేస్తే సింహగర్జనే, మైలేజీ మాత్రం కాస్త పడిపోతుందట.

"కిత్‌నా గిరేగా?" అన్నారు బాబాయిగారు, మొహం వాడిపోయి. జవాబు నచ్చక మళ్ళీ అడిగారు. చివరికి ఆఫీసు ఫైలు నడిపినట్టే నడిపారు. ముందు గొట్టం ఉంచి చూద్దాం, ఫలితాన్ని బట్టి తదుపరి నిర్ణయం.

పరీక్ష ఆదివారం. నేను వంటింట్లో బటానీలు ఒలుస్తూ కూర్చోవాలి. ఆయన మెట్ల కింద బండి ఆపి, ఇంజను నడుస్తూనే ఉంచుతారు. పిన్నిగారు కనిపెడితే నేను బాల్కనీలోకెళ్ళి తుండు ఊపాలి. ఆ రోజు తుండు నా భుజం దిగలేదు.

తర్వాతి ఆదివారం గొట్టం తీయించుకొచ్చారు. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. పక్క బ్లాకులో పసిపిల్ల ఏడుపందుకుంది. బాల్కనీలన్నీ జనంతో నిండిపోయాయి. పిన్నిగారు మాత్రం నిశ్చింతగా పిండి కలుపుతున్నారు. ఇక లాభం లేదనుకుంటుండగా ఆవిడ చెయ్యి ఆగింది. గోడకున్న స్టాండులో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి వణుకుతున్నాయి. ఆవిడ వాటిని చూసి, "మీ బాబాయి వచ్చినట్టున్నారు" అని పొయ్యి వెలిగించారు. నేను తుండు ఊపాను. కింద ఆయన మంకీ క్యాప్ తీసి ఊపారు.

ఆ రోజు నుంచి గేటులో ఇంజను ఆపడం మానేశారు. ఆయన చేసిన త్యాగాల్లో అదే పెద్దదని నేనిప్పటికీ నమ్ముతాను. యాభై దగ్గరపడ్డాక ఈ సరదా ఏమిటని కాలనీ అంతా నవ్వింది. "పికప్ కోసం" అనేవారు. నాతో మాత్రం "పికప్ అంటే ఢిల్లీలో ఎవడూ ఎదురు ప్రశ్న వెయ్యడురా" అన్నారు. తర్వాత మా ఇంట్లో టీలో అల్లం, మధ్యాహ్నం కునుకు, అన్నీ పికప్ కోసమే అయ్యాయి.

పై అంతస్తు పంజాబీ అంకుల్ మాత్రం నవ్వలేదు. ఫిర్యాదు పెడతానన్నాడు. ఫిర్యాదు వెళితే తనిఖీ వస్తుంది, నా సంగతి బయటపడితే క్వార్టరే పోతుంది. గొట్టం మళ్ళీ పెట్టించేద్దామన్నాను.

"క్వార్టర్ పోతే వెతుక్కుంటాం. గ్లాసులు కదలకపోతే మీ పిన్ని మళ్ళీ మంచులో నిలబడుతుంది" అన్నారు.

ఒక సాయంత్రం అంకుల్ ఫిర్యాదు కాగితంతో దిగాడు. పిన్నిగారు గుమ్మంలోనే ఉన్నారు. సరిగ్గా అప్పుడే కింద బాబాయిగారి బండి డబడబలాడుతోంది.

"భాభీజీ, యే శోర్ సునియే" అని అరిచాడు, ఈ మోత వినండన్నట్టు కిందికి వేలు చూపిస్తూ.

పిన్నిగారు అంకుల్ పెదాలకేసి పట్టిపట్టి చూశారు. "శోర్? కైసా శోర్, భాయీసాబ్?" అన్నారు, ఎంతో మర్యాదగా.

అంకుల్ ఆవిడ మొహం చూశాడు, కింద బండిని చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కుఛ్ నహీఁ, భాభీజీ. పికప్ అచ్ఛా హై" అనేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కర్మలయ్యాక నేను ఢిల్లీ వెళ్ళాను. రిటైరయ్యాక వాళ్ళు ఇందిరాపురంలో మొదటి అంతస్తు ఫ్లాటులో ఉంటున్నారు. బండి ఎప్పుడో అమ్మేశారు. గ్లాసుల స్టాండు మాత్రం అదే. నేను వంటింట్లో పీట మీద కూర్చున్నాను. కింద నీళ్ళ ట్యాంకరొచ్చి ఆగింది, ఇంజను ఆపలేదు. గ్లాసులు కదిలాయి. పిన్నిగారు చటుక్కున పొయ్యి వెలిగించి, అట్టు పోసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

కాసేపటికి కంచం నా ముందు పెట్టారు. "పోసేశాను. నువ్వు తినరా" అన్నారు.

తిన్నాను. కింద ట్యాంకరు ఇంకా కదల్లేదు. ఆవిడ గ్లాసులకేసి చూస్తూనే రెండోది పోశారు.