గుహని మొదటి కాలంలో దాటడం

ప్లాస్టర్ విప్పిన రోజు నా ఎడమ చేతికి చేతకాని పనులు మూడు: చొక్కా గుండీ పెట్టడం, అరటిపండు ఒలవడం, ట్వీజర్ పట్టుకోవడం. మొదటి రెండూ ఎవరైనా చేసిపెడతారు. మూడోది నా ఉద్యోగం. శ్రీకాకుళంలో సర్క్యూట్ బోర్డులు బాగుచేసే షాపు ఓనరు నా సీటు నెలరోజులు ఖాళీగా ఉంచుతానన్నాడు.

వేళ్లు కదుపుతూ ఉండమన్నారు డాక్టరు. బొబ్బిలిలో మేనత్త ఇంట్లో ఉండి, ల్యాప్‌టాప్‌కి జాయ్‌స్టిక్ తగిలించి, పాత ఆర్కేడ్ ఆట మొదలుపెట్టాను. చిన్న విమానం ఎడమ నుంచి కుడికి పోతుంటుంది. ఎర్ర శత్రువుని కూలిస్తే ఒక బిళ్ల రాలుతుంది. దాంతో వేగమో, క్షిపణో, కవచమో ఎంచుకోవచ్చు. విమానం ఒకసారి కూలితే అన్నీ పోతాయి.

నేను ప్రతిసారీ వేగమే తీసుకునేవాణ్ని. మూడో దశలో ఇరుకు గుహ. వేలు కాస్త తడబడితే చాలు, విమానం గోడకి కొట్టుకునేది. ఎక్కడ కూలిందో ప్రతిసారీ రాసుకున్నాను. పంతొమ్మిది సార్లూ అదే గోడ.

అత్త వీణ పాఠాలు చెబుతుంది. పిల్లలు వెళ్లాక వచ్చి నా వెనక నిలబడింది.

"ఏటిరా, ఆ గోడకి దిష్టి తీస్తన్నావా?"

"వేలు లేటుగా కదుల్తోందత్తా. అందుకే స్పీడు పెంచుతున్నాను."

"ఏలు లేటయితే ఇమానం జోరు పెంచుతావా! ఇంజినీరింగు సదివినోడివేనా? దాన్ని నెమ్మది సెయ్యడం అవదేటి?"

అవుతుంది. ఆట వేగం తగ్గించే సెట్టింగు ఉంది. అది మోసమని వాడలేదన్నాను.

"నా పిల్లలంతా మొదటి కాలంలోనే మొదలెడతారు. ఆళ్లందరూ దొంగలేటి?"

సంగీతంలో కాలమంటే వేగం: మొదటి కాలానికి రెట్టింపు రెండోది, దానికి రెట్టింపు మూడోది. ఆటని పావు వేగానికి దించాను. రోజూ మధ్యాహ్నం అత్త పక్కన కూర్చుని తొడ మీద తాళం వేసేది. పావు వేగంలో గుహ దాటడానికి నాలుగు రోజులు, సగంలో పది. పూర్తి వేగంలో దాటిన రోజు నేను కేక పెట్టాను.

"మళ్లీ ఒకపాలి ఆడు," అంది అత్త.

ఆ మధ్యాహ్నాలన్నీ ఆమె నడుం వాల్చవలసిన వేళలు. ఒక్కసారీ ఆ మాట అనలేదు. నేనూ అప్పుడు గమనించలేదు.

నెల తిరిగాక షాపులో ఓనరు నా ముందు ఒక బోర్డు పెట్టాడు. ఆవగింజంత రెసిస్టరు మార్చాలి. ట్వీజర్‌తో దాన్ని ఖాళీ చోట నాలుగుసార్లు నెమ్మదిగా ఎత్తి దించాను.

"ఏటి బావూ, దాన్ని జోకొడతన్నావా?" అన్నాడు.

అయిదోసారి దాని చోట పెట్టి టంకం వేశాను. బోర్డు మీద లైటు వెలిగింది. ఆయన రెండో బోర్డు నా ముందుకి తోశాడు.