కరుణమ్మ తొక్కిన మడి

కోపం వస్తే కరుణమ్మ ముందు చెప్పులు విప్పుతుంది, కొట్టడానికి కాదు. చినగంజాం ఉప్పు కొఠారులో ముప్పై ఏళ్ళు, పండే ఉప్పుకు మట్టి అంటకుండా, వట్టికాళ్ళతో మళ్ళు తొక్కి గట్టిపరచిన మనిషి. పగిలిన ఆ మడమలే ఆవిడ పతకాలు. 1982 వేసవిలో కూతురు మణి ఆవిడను కొలరాడో కొండల్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఏటి లోయలో, చూడవచ్చేవాళ్ళ కోసం పాతకాలపు పద్ధతిలో మెట్లుమెట్లుగా కట్టిన ఉప్పు మళ్ళున్నాయి. ఉప్పునీళ్ళు పెట్టబోయే తడి మడిలోకి గైడు బూట్లతోనే దిగాడు.

"బూట్లు విప్పమనవే! ఉప్పంతా మట్టి పట్టి చస్తుంది!"

"అమ్మా, ప్లీజ్! అందరూ చూస్తున్నారు."

"చూడనీ! నా మడి ఉప్పులో మట్టి ఉందని ఏ మేస్త్రీ అయినా అన్నాడా?"

అంటూనే చెప్పులు విప్పి మడిలోకి దిగి, బూటు గుర్తులన్నీ తొక్కి చదును చేసింది. గైడు బిత్తరపోయి బూట్లు విప్పాడు. కరుణమ్మ వంగి అతని పాదాలు చూసింది.

"మెత్తటి కాళ్ళు. పనికిరావు. గట్టెక్కమను."