మిఖాయేలుకు నీళ్ల డ్యూటీ ఏంది?

యాకుత్‌పురాలో మా పక్కింటి ముస్లిం చాచా నాకు చెప్పేటోడు: "బేటా, అల్లా వాన పని మీకాయిల్ ఫరిష్తాకు, అదే దేవదూతకు, అప్పజెప్పిండు."

చర్చికి పోయే మా అమ్మకు మస్తు కోపమొచ్చేది. ఆయన మా బైబిల్ల మిఖాయేలే గదా, సైతానును తరిమిన ప్రధానదూత! యుద్ధం చేసేటోనికి నీళ్ల డ్యూటీ ఏందని లొల్లి. రైల్వేలో పనిచేసే బాపు మాత్రం, "ఆఫీసరు ఒక్కడే, అడిషనల్ చార్జ్ ఇచ్చిండ్రేమో" అనేటోడు.

మొన్నటి వానకు ఇంట్ల మోకాళ్లదాకా నీళ్లొచ్చినయి. అమ్మ బైబిల్ పట్టుకొని మంచమెక్కి, గోడ అవతలికి కేకేసింది: "భాయ్, మీ మీకాయిల్‌కు జర చెప్పుండ్రి, ఇగ బంద్ చెయ్యమని!"

అటునుంచి చాచా, ఆయన కూడా మంచం మీదనే ఉన్నట్టుండు, అరిచిండు: "చెప్పిన బెహెన్, వింటలేడు! కొట్లాడేటోడు మీ దగ్గరున్నడు గదా, పంపుండ్రి!"