మొగుడు దంచాల్సిన మందు

మా పెద్దమ్మ దుర్గక్క దగ్గర ఆడవాళ్ళ మందు కావాలంటే ముందు తిట్లు తినాలి. ఆ తిట్లు తినాల్సింది ఆడవాళ్ళు కాదు, వాళ్ళ మొగుళ్ళు.

రూపనగుడిలో బస్సు ఆగే చోటికి నాలుగిళ్ళ అవతల మా ఇల్లు. పగలంతా పెద్దమ్మ మిరపచేలకు కూలికి పోయేది. పొద్దు వాలాక వాకిట్లో చాప పరిచేది. నెలసరి మొదటిరోజు కడుపు మెలిపెట్టేవాళ్ళకు శొంఠి, వాము, పాతబెల్లం. నెల సరిగ్గా రానివాళ్ళకు నల్లనువ్వులు. కాన్పు తర్వాత నడుము పట్టేసినవాళ్ళకు మెంతులు, గుట్ట మీద తవ్వుకొచ్చిన పిల్లిపీచర గడ్డలు. నెత్తురు కాస్త ఎక్కువగా పోయేవాళ్ళకు అశోక పట్ట కషాయం. ఇందులో దేవరహస్యం ఏమీ లేదు. బళ్ళారి మూలికల అంగళ్ళలో ఎవరడిగినా పొట్లం కట్టిస్తారు. పెద్దమ్మ మందుకు ఉన్నదల్లా ఒక షరతు. మొగుడే వచ్చి అడగాలి. అడిగి, మా వాకిట్లో రోటి ముందు కూర్చొని వాడే దంచాలి.

ఆ పద్ధతి మా అవ్వ కాలం నుంచి ఉంది. మగవాడి చేతిలో ఏదో మహిమ ఉందని ఊరు నమ్మేది. మహిమా లేదు, మన్నూ లేదు. ఉన్నదల్లా వాడిని కాసేపు కదలకుండా కూర్చోబెట్టడం. వాడు రోకలి ఎత్తగానే పెద్దమ్మ అడిగేది.

"ఎప్పట్నుంచప్పా నీ పెండ్లానికి బాగలేదు?"

వాడు నీళ్ళు నమిలేవాడు.

"ఎద్దు మేత మానేస్తే ఏ పూట మానిందో చెప్తావు. కుక్క కుంటితే ఏ కాలో చెప్తావు. పక్కన పండుకునేదాని సంగతి తెలీదా? పో, పోయి అడిగి రా. రోలు యాడికీ పోదు."

వాడు తల గోక్కుంటూ ఇంటికి పోయేవాడు. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఆ మాట మొదటిసారి పెళ్ళాన్ని అడిగిన మగవాళ్ళు మా ఊళ్ళో ఎంతమందో. తిరిగొచ్చి కూర్చున్నాక ఇంకో వాయి తిట్లు పడేవి. ఎవడైనా సణిగితే, "రోట్లో తల పెట్టినాక రోకటి పోటుకు భయపడితే ఎట్లప్పా?" అని చాప మీది ఆడవాళ్ళను నవ్వించేది. చివరికి పొట్లం చేతిలో పెట్టి, ఈ మందు తాగినన్ని దినాలు ఆడది బిందె ఎత్తితే మందు విషం అవుతుందని బెదిరించేది. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం వల్ల మా వీధి మగవాళ్ళు బోరింగు దగ్గర బిందెలు పట్టుకొని నిలబడేవాళ్ళు.

రోకలి అవ్వదే కానీ ఆ ప్రశ్న మాత్రం పెద్దమ్మ సొంతం. మా అమ్మ ఆమెకు చెల్లెలు. నేను చంకలో ఉండగానే అమ్మ నెత్తురు పోయి పోయి చేను గట్టు మీద కూలబడి చచ్చిపోయింది. అంతకు ముందురోజు కూడా కలుపుకు పోయిందట. ఎప్పటినుంచి ఇట్లా అని పెద్దమ్మ మా నాయనను నిలదీస్తే, "నాకు చెప్పలేదు" అన్నాడట. ఆ మాట మీద పెద్దమ్మకు పుట్టిన కోపం ఆమె బతికినంత కాలం చల్లారలేదు. నాకూ చల్లారలేదు.

తర్వాత గనుల కాలం వచ్చింది. మా రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకొని పోయేవి. వాటి దుమ్ముకు గోడలు ఎరుపు, వేపాకులు ఎరుపు, పాల మీద మీగడ ఎరుపు. ఆడవాళ్ళు నెలసరి గుడ్డలు ఉతికి తెల్లగా పిండి ఆరేస్తే సాయంత్రానికి మళ్ళీ ఎర్రగా ఉండేవి. ఉతికినవో ఉతకనివో తెలిసేది కాదు. ఆ గుడ్డలే మళ్ళీ కట్టుకొని, ఒరుసుకొని, మంట అని ఏడుస్తూ మా చాప మీదికి వచ్చేవాళ్ళు. గనుల సంపాదన గురించి గొప్పగా మాట్లాడే ఒక్క మగవాడికీ ఈ గుడ్డల సంగతి తెలియదు.

పిల్లిపీచర తవ్వే గుట్టకు కంచె పడింది. కంచెకు కావలి పడింది. కొన్నాళ్ళకు గుట్టే లేకుండా పోయింది. మగవాళ్ళలో సగం మంది డ్రైవర్లయ్యారు, మిగిలిన సగం క్లీనర్లూ లోడర్లూ అయ్యారు. ఇంటికి నిద్రకే వచ్చేవాళ్ళు. మా రోలు ఎండకు ఎండింది.

"కొండను దంచేదానికి మిషన్లు ఉండాయి, పిడికెడు శొంఠి దంచేదానికి ఊర్లో మొగోడు లేడు" అని పెద్దమ్మ వచ్చే పోయే లారీలకు వినబడేట్టు అరిచేది.

కేశవ ఆ కాలం మనిషి. వాళ్ళది భూములున్న కుటుంబం, పెద్దమ్మ కూలికి పోయింది వాళ్ళ మిరపచేలకే. రోడ్డు పక్క చేను ఖనిజం కుప్పలు పోసుకోవడానికి ఇచ్చి, ఆ వచ్చినదాంతో లారీలు కొని, బళ్ళారి గాంధీనగర్‌లో బంగళా కట్టాడు. పెళ్ళయిన కొత్తలో, ఇంకా రూపనగుడిలో ఉన్నప్పుడు, భార్య రోహిణికి కడుపునొప్పి అని తనే వచ్చి మా రోటి ముందు కూర్చున్నాడు. చొక్కా చేతులు మడిచి బాగా దంచాడు. పెద్దమ్మ ఎన్ని మాటలన్నా నవ్వాడు. రోహిణి గోడ చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. అందుకే తర్వాత జరిగినదానికి నాకు అంత ఒళ్ళు మండింది. తెలియనివాడు కాదు వాడు.

కార్తీకంలో, పెద్దమ్మ కూలికి పోని ఒక మధ్యాహ్నం మా వాకిట్లో కేశవ కారు ఆగింది. డ్రైవరు హొన్నూరుస్వామి దిగి, చెప్పులు విడిచి, నేరుగా పోయి రోటి ముందు కూర్చున్నాడు.

"ఏందప్పా ఇది?" అంది పెద్దమ్మ.

"అన్న పంపిచ్చినాడక్కా. రోహిణమ్మకి బాగలేదంట, మందు దంచుకోని రమ్మన్నాడు. మొగోడు దంచల్లంట గదా. నేనూ మొగోన్నే గదక్కా."

వీధంతా గొల్లుమంది. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, అలవాటు కొద్దీ, "ఎప్పట్నుంచి బాగలేదు?" అని అడిగింది.

"నాకేం తెలుస్తాదక్కా. అమ్మ బయటుండాది. కారు షెడ్డు వెనక రూములో. నేను క్యారియర్ వాకిలి కాడ పెట్టేసి వస్తా."

"బయట ఎప్పట్నుంచి?"

హొన్నూరుస్వామి ఆలోచించాడు. "ఆయుధపూజకి లారీలకి దండలేసినాం గదా, అప్పుడు బయటకి పోయిందక్కా. మళ్ళీ లోపలికి రాలేదు."

ఆయుధపూజ ఎప్పుడు, కార్తీకం ఎప్పుడు? దీపావళి కూడా ఆ పిల్ల ఆ గదిలోనే చేసుకుంది. పెద్దమ్మ ముఖంలో నవ్వు చచ్చిపోయింది. రోకలి అతని చేతిలోంచి లాక్కొని పక్కన పడేసింది.

"ఇది నా రోటికి లొంగేది కాదు. లెయ్యి, బండి తియ్యి."

నన్నూ ఎక్కమంది.

గాంధీనగర్ బంగళా ముందు కొత్త లారీలు, కొత్త కారు, పసుపు కుంకుమలు, తొక్కిన నిమ్మకాయలు. లోపల హోమం. కేశవ తల్లి రామలక్ష్మమ్మ పట్టుచీరలో గేటు దగ్గరికే వచ్చింది.

"ఏం దుర్గక్కా, మందు పంపిచ్చేది వదిలి నువ్వే వస్తివి? సుమ్నే గమ్మున వెనక్కి పోయి కూచో, తినేదానికి పంపిస్తా."

వెనక్కే పోయాం. ఇంటికంతా పాలరాయి పరిచినవాళ్ళు ఆ గదికి సిమెంటు రేకు వేశారు. బంగళా పటం గీయించేటప్పుడే దాన్నీ గీయించారట, కోడలు బయట చేరితే ఉండటానికని. పూర్వం పూరిల్లు గనక మూలన కూర్చోబెట్టారు, సరే. డబ్బొచ్చాక ఆ మూలకు ఇంజనీరును పెట్టి గోడలు కట్టిన వాళ్ళను ఏమనాలి? నాకు వచ్చిన బూతులు ఇక్కడ రాయలేను.

రోహిణి మంచం మీద ముడుచుకొని ఉంది. పెదవులు పాలిపోయాయి, గోళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. పెద్దమ్మను చూసి లేవబోయి మంచంకోడు పట్టుకొని కూలబడింది.

"గట్టిగా మాట్లాడొద్దక్కా, లోపల పూజ అవుతాండాది" అంది. అదీ ఆ పిల్ల మొదట అన్న మాట.

పెద్దమ్మ వెనుతిరిగింది. రూపనగుడి దుమ్ము పట్టిన కాళ్ళతో ముందు వాకిలిగుండా ఆ పాలరాయి మీద నడుచుకుంటూ హోమం దాకా పోయింది. ఎర్రటి అడుగులు వరసగా పడ్డాయి.

"ఏమప్పా కేశవప్పా, ఇనుముకి పూజ చేస్తాండావా? వెనక నీ పెండ్లాము చచ్చిపోతాండాది, దానికి ఎప్పుడు చేస్తావు?"

మంత్రాలు ఆగిపోయాయి. కేశవ ముఖం నల్లబడింది.

"మందు పంపమంటే ఈడికొచ్చి రచ్చ చేస్తావా దుర్గక్కా? ఆడోళ్ళ సంగతులు పదిమందిలో మాట్లాడేదా?"

"ఆడోళ్ళ సంగతి ఆడోళ్ళకే తెలిసుంటే నా చెల్లెలు చచ్చేది కాదు. ఆ పిల్ల ఒంట్లో నెత్తురు లేదు. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకపో."

రామలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. "ముట్టులో ఉండేదాన్ని కారులో ఎట్ల ఎక్కిచ్చేది? ఇప్పుడేగదా పూజ చేసిండేది!"

అది విన్నాక పెద్దమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఆమె, నేను చెరో రెక్క పట్టి రోహిణిని మోసుకొచ్చాం. హొన్నూరుస్వామి మేమొచ్చిన కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. యజమాని వైపు చూడలేదు. కేశవ పూజ చేసిన కొత్త కారులో వెనకే వచ్చాడు.

ఆస్పత్రిలో డాక్టర్లు చూసి గర్భసంచిలో గడ్డ అన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, అంతకంటే ముందు నెత్తురు ఎక్కించాలి, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మేం చేసేదేమీ ఉండేది కాదు అన్నారు. వాళ్ళిచ్చే నెత్తురుకు బదులుగా ఇంటివాళ్ళెవరైనా ఇవ్వాలన్నారు. కేశవ వెనక్కి తిరిగి, "స్వామీ, నువ్వు పోప్పా" అన్నాడు. హొన్నూరుస్వామి చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"దంచేదానికీ డ్రైవరే, నెత్తురిచ్చేదానికీ డ్రైవరేనా? తాళి కూడా ఈయప్పతోనే కట్టిచ్చకపోయినావా?"

ఆస్పత్రి వసారాలో ఉన్నవాళ్ళందరూ చూశారు. కేశవే పోయి పడుకొని నెత్తురిచ్చాడు.

రోహిణి బతికింది. ఇంటికి పంపేరోజు కేశవతో, ఆ గది ఉన్నన్నాళ్ళు ఆ ఇంట్లో అడుగు పెట్టనంది. అంతేనా అని కేశవ అక్కడికక్కడే ఫోన్ తీసి జేసీబీ పంపమని ఎవరికో చెప్పబోయాడు.

"మిషన్ వద్దు. నువ్వే పడగొట్టల్ల" అని, రోహిణి హచ్చొళ్ళిలో వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయింది.

వరికోతలు అయిపోయాక ఒకరోజు పొద్దున కేశవ కారు మళ్ళీ మా వాకిట్లో ఆగింది. ఈసారి అతనే దిగాడు. రెండు అరచేతులూ చాపి చూపించాడు. బొబ్బలు పగిలి ఎండిపోయాయి.

"పడగొట్టినా అక్కా. గడ్డపార పట్టుకోని నేనే పడగొట్టినా. మాయమ్మ నాతో మాట్లాడేది మానేసింది. అయినా రోహిణి నమ్ముతాండ్లేదు. నువ్వొక మాట చెప్తే వస్తాది. నడుమునొప్పి ఉండాదంట, మందు గూడా ఇయ్యి, డాక్టర్ని అడిగే ఇస్తాను. నేనే దంచుతా."

పెద్దమ్మ ఆ చేతులను చాలాసేపు చూసింది. కొంచెం మెత్తబడిందనే అనుకున్నాను. శొంఠి, మెంతులు తెచ్చి రోట్లో పోసింది. కేశవ కూర్చొని దంచడం మొదలుపెట్టాడు. పాతవాటంలోనే, బాగానే దంచుతున్నాడు.

"ఎప్పట్నుంచప్పా నీ పెండ్లానికి బాగలేదు?" అంది పెద్దమ్మ.

రోకలి ఆగింది. ఆస్పత్రి, ఆపరేషన్, నెత్తురు, గడ్డపార, అన్నీ అయ్యాయి. కేశవ మెల్లగా తల తిప్పి కారు దగ్గర నిలబడ్డ హొన్నూరుస్వామి వైపు చూశాడు.

హొన్నూరుస్వామి తల దించుకున్నాడు.

పెద్దమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రోకలి అతని చేతిలోంచి తీసుకుంది.

"వాన్ని చూడొద్దప్పా. వానికి తెలుసు, నాకు తెలుసు. నీకు తెలియల్ల. హచ్చొళ్ళికి పోయి ఆ పిల్లనే అడిగి రా. కారు ఈడే ఉండనీ, బస్సుకి పో. రోలు యాడికీ పోదు."

కేశవ లేచి రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. బస్సు వచ్చేదాకా లారీలు అతని మీద దుమ్ము పోస్తూ పోతూనే ఉన్నాయి, అందులో అతనివీ ఉన్నాయి. పెద్దమ్మ అటు చూడలేదు. సగం దంచిన మందు మీద దుమ్ము పడకుండా చాట బోర్లించి, మిరపచేనుకు బయలుదేరింది.